అయిదక్షరముల మాటలు, ఏడక్షరముల మాటలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



25 వత్సరములుగా ఈ గ్రంథాలయ దీపమును ఆరనీయక కాపాడుచున్న మీ అందఱకును నా నమస్కారములు. ఇంగ్లీషు మాటలను గూర్చి కొంత ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను గుడివాడ ప్రాంతమున చిరకాలము ఇంగ్లీషు బోధించినవాడను; పుట్టి పెరిగినది మాత్రము ఈ దివిసీమలోనే.

నిన్న సాయంకాలము పఠనమందిరమున పిల్లలు ఆడుచున్న ఆటను చూచి ముచ్చటపడితిని. "అయిదక్షరముల మాట, నాలుగవ అక్షరము ఆర్, చెప్పుము" అని ఒకరు అడుగ, తక్కినవారు నిఘంటువు తిరుగవేయుచున్నారు. ఈ వేడుక క్రొత్తది కాదు. 1913లో న్యూయార్కు పత్రిక యొకటి ఆర్థర్ విన్ కూర్చిన గళ్ళ ప్రహేళికను అచ్చువేసినది మొదలు ఇది లోకమంతట వ్యాపించెను. 2021లో వెలువడిన వర్డిల్ అను అయిదక్షరముల ఆట నేడు మన పిల్లల చేతి ఫోనులలో గూడ ఉన్నది. మంచి ఆటయే. అయితే అక్షరములు లెక్కించినంతమాత్రమున మాట మనదగునా? ఈ ప్రశ్న నన్ను 1977 నుండి వెంటాడుచున్నది.

మాటలకును మనుష్యులవలె పుట్టినూళ్ళు కలవు. బందరులో ఉద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర మన మాటలను ఊరూరను ఏరి నిఘంటువులు కూర్చెను. మన మాటలు కొన్ని ఇంగ్లీషులోనికి గూడ వలస పోయినవి. తొమ్మిది అక్షరముల బాండికూట్ అనగా ఏమో యనుకొందురు; అది మన గాదెలను త్రవ్వు పందికొక్కే! ఇక ఏడక్షరముల సైక్లోన్. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ 1848లో నావికులకై ప్రకటించిన గ్రంథమున ఈ మాటను ప్రచారమునకు తెచ్చెను. గుండ్రముగా తిరుగు గాలిని పాముచుట్టతో పోల్చి గ్రీకు భాషనుండి దీనిని కల్పించెను. 1789లో మన కోరంగిని ముంచిన తుఫానును గూడ ఆయన పరిశీలించెను. కావున ఈ మాట యందు మన తీరపు కన్నీరు కొంత కలిసియున్నది.

1977లో నేను ఎనిమిదవ తరగతి విద్యార్థిని. సైక్లోన్ అను మాటను ఒక్క అక్షరమైనను తప్పక వ్రాసి, ఎదుట "పెనుగాలి" అని అర్థము వ్రాసి, పూర్తి మార్కులు పొందితిని. కొన్నాళ్ళకే నవంబరు 19వ తేది, శనివారము వచ్చినది. సముద్రమువైపు పల్లెలో మా మేనత్త కుటుంబము ఉండెను. వచ్చునది గాలియే కదా యని ఇంటికప్పును మోకులతో బిగించి, తలుపు గడియవైచి లోపల కూర్చుండిరట. వచ్చినది గాలి మాత్రము కాదు. అయిదు మీటర్ల వరకు లేచిన నీరు పల్లెలపై పడెను. ఆ తుఫానులో సుమారు పదివేలమంది మరణించిరి. మా మేనత్త ఇంటిలో మిగిలినది ఒక్క బాలుడు. తుమ్మచెట్టును కౌగిలించుకొని రాత్రి గడిపినవాడు.

నేను నేర్చిన అర్థము తప్పు కాదు, సగము. తక్కిన సగము సర్జ్ అను అయిదక్షరముల మాటలో ఉన్నది. తుఫాను గాలి సముద్రపు నీటిని తీరమువైపు నెట్టును. లోతు తక్కువగు చోట ఆ నీటికి పోవుటకు దారిలేక పైకి లేచును. మన డెల్టా నేల పళ్ళెమువలె చదునుగా ఉండుటచే అది మైళ్ళకొలది లోనికి ప్రాకును. దీనికి తెలుగున మూడక్షరముల మాట మన తాతలకు ఏనాడో తెలియును: ఉప్పెన. 1864 నవంబరు 1వ తేదిన బందరును ముంచి, సుమారు ముప్పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది అదియే. ఇంగ్లీషు మాటకు మార్కులు తెచ్చుకొన్న నేను, ఇంటిలోని ముసలమ్మ నోటి మాటను పెడచెవిని పెట్టితిని.

పిల్లలారా! మీ ఆటకు కొన్ని మాటలు ఇచ్చెదను. అయిదక్షరములు, నాలుగవది ఆర్: స్టార్మ్, అనగా తుఫాను, షోర్, అనగా తీరము, అలర్ట్, అనగా అప్రమత్తత. ఏడక్షరములు, ఆరవది ఎన్: సైక్లోన్, వార్నింగ్. ఇవి పరీక్షకు మాత్రమే పనికివచ్చునవి కావు. 1999 నుండి వాతావరణ శాఖవారు నాలుగు మెట్లలో హెచ్చరికలు చేయుచున్నారు. మొదటిది వాచ్. ఇది చేతి గడియారము కాదు, కనిపెట్టియుండుడని అర్థము. రెండవది అలర్ట్; తీరమున వాతావరణము చెడుటకు కనీసము 48 గంటల ముందు వచ్చును. మూడవది వార్నింగ్, కనీసము 24 గంటల ముందు. నాలుగవది అవుట్‌లుక్, తుఫాను తీరము దాటుటకు కనీసము 12 గంటల ముందు, దాటిన పిదప లోతట్టున ఏమి జరుగనున్నదో తెలుపును. ఇంకొక మర్మము: ఉప్పెన ఇన్ని మీటర్లని ప్రకటించినప్పుడు, అది మామూలు పోటుపాటులకు పైన లేచు నీటి ఎత్తు. పోటు వేళ తుఫాను తీరము దాటినచో ముంపు మరింత అధికమగును. ఇంతయు తెలిసినవాడు తలుపు గడియవైచి కూర్చుండడు. ముసలివారిని, పసిపిల్లలను, పశువులను మెరకకు చేర్చును.

కావున కార్యవర్గమువారికి ఒక్క మనవి. పఠనమందిరమున ఒక పెద్ద నోటుపుస్తకము ఉంచుడు. పిల్లలు కనుగొన్న ప్రతి ఇంగ్లీషు మాటకును అక్షరముల సంఖ్యయు, తెలుగు అర్థమును, ఆ మాట వినబడినపుడు చేయవలసిన పనియు వ్రాయుదురుగాక. తెలుగు మాట తోచనిచో అరుగుమీది పెద్దలను అడుగుదురుగాక. ఆ పుస్తకమునకు మొదటి కొనుగోలుదారుడను నేనే. ఇదిగో, వెంట తెచ్చితిని. మొదటి పుటలో రెండు మాటలు మాత్రమే వ్రాసితిని: సర్జ్ – ఉప్పెన. మూడవ గడిలో, "మెరకకు పొమ్ము" అని ఉన్నది.

మిగిలిన పుటలు మీవి. సెలవు.