బ్యాంకు పెద్ద కుర్చీలో అరుంధతి



ముందుగా ఒక మాట అడుగుతాను. మొదటిసారి బ్యాంకుకు వెళ్లిన రోజు మీకు గుర్తుందా? ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు. ఎవరిని అడగాలో తెలియదు. ‘ఈ కాగితం కాస్త రాసిపెట్టు బాబూ’ అని ఎవరినో బతిమాలి ఉంటాం. వేలిముద్ర వేసి బయటపడి ఉంటాం. ఇప్పుడు మన సంతకం మనమే పెడుతున్నాం. అందుకే ఈ రోజు బ్యాంకు గురించి మాట్లాడుకుందాం. ఒక పెద్ద బ్యాంకును నడిపిన ఆడమనిషి గురించి చెప్పుకుందాం.

ఆమె పేరు అరుంధతీ భట్టాచార్య. పెళ్లిలో మనకు చూపించే చుక్క పేరే ఆమెది. ఆమె నడిపినది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాను. మన దేశంలో అన్నిటికన్నా పెద్ద బ్యాంకు అది. దాని మూలం 1806లో కలకత్తాలో మొదలైంది. 1955లో దానికి స్టేట్ బ్యాంక్ అని పేరు వచ్చింది. 200 ఏళ్లకు పైగా ఆ పెద్ద కుర్చీలో మగవాళ్లే కూర్చున్నారు. 2013 అక్టోబరు 7న మొదటిసారి ఒక స్త్రీ కూర్చుంది. ఆమే అరుంధతి.

ఆమె గొప్ప జమీందారుల బిడ్డా? కాదు. 1956లో కలకత్తాలో పుట్టింది. తండ్రి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. తల్లి హోమియోపతి మందులు ఇచ్చేది. భిలాయి, బొకారో ఊళ్లలో ఆమె పెరిగింది. కలకత్తాలో ఇంగ్లీషు సాహిత్యం చదువుకుంది. లెక్కల చదువు కాదు, డబ్బు చదువు కాదు. మరి బ్యాంకులోకి ఎలా వచ్చింది? పరీక్ష రాసింది. నెగ్గింది. 1977లో అధికారిగా చేరింది.

చేరగానే పెద్ద కుర్చీ రాలేదు. అక్కడికి చేరడానికి 36 ఏళ్లు పట్టింది. బ్యాంకు ఉద్యోగంలో పైకి వెళ్లాలంటే బదిలీలు తప్పవు. ఇవాళ ఒక ఊరు, రేపు మరో ఊరు. కొన్నాళ్లు అమెరికాలోని న్యూయార్క్ ఆఫీసులో పనిచేసింది. బెంగళూరు ప్రాంతంలోని శాఖలన్నిటికీ అధికారి అయింది. భర్త ఖరగ్‌పూర్‌లో పాఠాలు చెప్పేవారు. ఆయన ఒక చోట, ఆమె ఒక చోట. మధ్యలో ఒక చిన్న కూతురు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒకసారి కొత్త ఊరికి బదిలీ అయింది. అక్కడ కూతురికి తగిన బడి దొరకలేదు. పిల్ల చదువు ఏమవుతుంది? ఉద్యోగం మానేద్దామా? అరుంధతికి ఆ ఆలోచన వచ్చింది. ఆ మాట ఆమే తర్వాత పదిమందిలో చెప్పింది. అనుభవం ఉన్న ఒక పెద్దాయన ‘తొందరపడవద్దు’ అన్నారు. ఆమె ఆగింది. ఉద్యోగంలో నిలిచింది.

మనలో ఎంతమందికి ఇలా చెప్పేవాళ్లు ఉన్నారు? బిడ్డకు జ్వరం వస్తే పని మానేది ఎవరు? అత్తకు కాలు విరిగితే ఇంట్లో ఉండిపోయేది ఎవరు? మనమే కదా. పని చేతకాక మానుకున్న ఆడవాళ్లు తక్కువ. ఇల్లు చూసుకునే వేరే మనిషి లేక మానుకున్నవాళ్లే ఎక్కువ.

అరుంధతి పెద్ద కుర్చీలోకి వచ్చాక తన కష్టాన్ని మరిచిపోలేదు. అప్పుడు ఆ బ్యాంకులో రెండు లక్షల మందికి పైగా ఉద్యోగులు ఉన్నారు. వాళ్లలో ఆడవాళ్ల కోసం ఒక ఏర్పాటు వచ్చింది. పిల్లలను పెంచడానికి, ముసలివాళ్లను చూసుకోవడానికి రెండేళ్ల దాకా సెలవు పెట్టవచ్చు. తిరిగి వస్తే ఉద్యోగం ఉంటుంది. చూశారా? ఒక పెద్దాయన మాట ఒక మనిషిని ఆపింది. కాగితం మీద రాసిన నియమం ఎంతోమందికి దారి చూపింది. మంచి మాట చెప్పినవాళ్లతో పోతుంది. రాసిన నియమం నిలిచి ఉంటుంది.

అయితే ఒక సంగతి దాచకూడదు. ఆడమనిషి కుర్చీలో కూర్చుంటే ఆడవాళ్ల కష్టాలన్నీ తీరతాయా? తీరవు. 2017 ఏప్రిల్ 1న రెండు మార్పులు వచ్చాయి. ఆ రోజు అయిదు బ్యాంకులతో పాటు మహిళా బ్యాంకు కూడా స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ అయిదింటిలో మన హైదరాబాద్ బ్యాంకు ఒకటి. పాత పేరున్న పాసు పుస్తకాలు మీలో కొందరి ఇళ్లలో ఇంకా ఉండవచ్చు.

ఇక రెండో మార్పు. ఖాతాలో కనీస నిల్వ లేకపోతే రుసుము పడుతుందన్నారు. పల్లె శాఖల్లో ఆ నిల్వ 1,000 రూపాయలు. జనధన్ ఖాతాలకు ఆ రుసుము లేదు. కానీ మామూలు ఖాతా ఉన్న పేదవాళ్లకు అది భారమే. జనం గట్టిగా అడిగారు. తర్వాత రుసుము తగ్గించారు. 2020 మార్చిలో పొదుపు ఖాతాలకు దాన్ని తీసేశారు. అప్పటికి అరుంధతి కుర్చీ దిగి రెండేళ్లు దాటింది. 2017 అక్టోబరులోనే ఆమె పదవీ విరమణ చేసింది. 2025లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

ఆ రోజుల్లో తన ఖాతా ఏ రకం ఖాతానో తెలిసిన మనిషి ‘నాకెందుకు కోశారు?’ అని అడగగలిగింది. తెలియని మనిషి పోయిందనుకుని ఊరుకుంది. తేడా ఎక్కడుంది? చదవడంలో ఉంది.

అందుకే ఒక చిన్న పని చెబుతాను. ఇంటికి వెళ్లి మీ పాసు పుస్తకం తీయండి. మొదటి పేజీలో మీ పేరు చదవండి. ఖాతా ఏ రకమో చూడండి. తెలియకపోతే బ్యాంకులో అడగండి. అడగడం తప్పు కాదు, అది మన హక్కు. తర్వాత మూడు వరుసలు చూడండి. జమ అంటే మనం వేసినది. తీసినది అంటే బయటికి పోయినది. నిల్వ అంటే మిగిలినది. మీకు తెలియకుండా ఏమైనా పోయిందా? వేలు పెట్టి చూడండి. ఇన్నాళ్లూ ఆ వేలితో ముద్ర వేశాం. ఇప్పుడు అదే వేలితో లెక్క చూద్దాం.

మీ కూతురికి కూడా ఆ పుస్తకం చూపించండి. అరుంధతి కథ చెప్పండి. పరీక్ష రాసి బ్యాంకులో చేరిన అమ్మాయి ఆ బ్యాంకునే నడిపిందని చెప్పండి. ఆ అమ్మాయికి కూడా ఒకరోజు ‘మానేద్దామా’ అనిపించిందని చెప్పడం మరవకండి. మీ బిడ్డకు అలాంటి రోజు వస్తే, ‘తొందరపడకు, పిల్లను నేను చూసుకుంటాను’ అనే మాట మీ నోట రావాలి.