కాయతో పాటు కబురూ మనమే పంపుదాం

2020-21లో ఢిల్లీ సరిహద్దుల నుంచి రైతులు తమ మాటను ట్విట్టర్‌లో తామే దేశానికి చెప్పుకున్నారు. ఇప్పుడు ఎక్స్‌గా పేరు మారిన అదే వేదికను మనం మామిడి అమ్మకానికీ వాడదాం. మండీలో దళారి చెప్పిన రేటుకు తలూపి రావడం ఎన్నాళ్లు?

ఖాతా ఊరి సంఘం పేరున తెరుద్దాం. ఉచిత ఖాతాలో పోస్టుకు 280 అక్షరాలే. గుణింతాలు, ఒత్తులూ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి పొగడ్తలు వద్దు. బంగినపల్లి, కోసిన తేదీ, పెట్టె బరువు, ధర, రవాణా ఖర్చు ఎవరిది, అంతే. ఫొటో మన తోటదే పెడదాం. కార్బైడ్ వాడలేదని రాస్తే నిజంగానే వాడకూడదు, చట్టమూ ఒప్పుకోదు. లైకులు కాయలు కొనవు. అడిగినవారికి అదే రోజు జవాబిద్దాం. సొమ్ము జమయ్యాకే పెట్టె కదలాలి. డబ్బు వేస్తామంటూ పిన్ అడిగేవాడు మోసగాడే.

మండీని ఇప్పుడే వదలొద్దు. ఈ ఏడు తోటకు పది పెట్టెలతో మొదలుపెడదాం.