ఒకే గిటార్‌కు రెండు గొంతులు: హంబకర్ నుంచి సింగిల్ కాయిల్ ధ్వని



విద్యుదయస్కాంత ప్రేరణ అనగానే మనకు డైనమో, ట్రాన్స్‌ఫార్మర్ గుర్తుకొస్తాయి. అదే సూత్రం మీద పనిచేసే మరో పరికరం ఎలక్ట్రిక్ గిటార్. ఈనాటి ప్రసంగంలో దానికి సంబంధించిన ఒక ఆచరణాత్మక సమస్యను పరిశీలిద్దాం. ఒక విద్యార్థి దగ్గర హంబకర్ పికప్‌లున్న గిటార్ ఉందనుకుందాం. అతనికి సింగిల్ కాయిల్ గిటార్‌లో వినిపించే తేటైన, గలగలమనే ధ్వని కావాలి. రెండో గిటార్ కొనే స్తోమత లేదు. ఉన్నదానితోనే ఆ ధ్వని రాబట్టవచ్చా? చాలావరకు రాబట్టవచ్చు. అయితే అందుకు కొంత వదులుకోవాలి. ఏది వదులుకుంటున్నామో ముందే తెలుసుకోవడం మంచిది.

మొదట పికప్ అంటే ఏమిటో చూద్దాం. అయస్కాంతం చుట్టూ ఎనామిల్ పూత ఉన్న సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైనున్న ఉక్కు తంత్రి కంపించినప్పుడు తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. 1831లో ఫారడే కనుగొన్నట్లుగా, చుట్టలో విద్యుచ్చాలక బలం పుడుతుంది. దానినే ఆంప్లిఫయర్ పెంచి మనకు వినిపిస్తుంది. ఫెండర్ సంస్థ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో ఇలాంటి పికప్‌లు మూడు ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒకే తీగచుట్ట. అందుకే దానికి సింగిల్ కాయిల్ అని పేరు.

దీనిలో ఒక లోపం ఉంది. తంత్రి వల్ల వచ్చే మార్పు ఏదో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ వల్ల, ట్యూబ్‌లైట్ చోక్ వల్ల వచ్చే మార్పు ఏదో తీగచుట్టకు తెలియదు. మన దేశంలో కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. అందువల్ల 50 హెర్ట్జ్, దాని గుణిజాలు కలిసి ఒక రొదగా వినిపిస్తాయి. ఆంగ్లంలో దానినే ‘హం’ అంటారు.

గిబ్సన్ సంస్థ ఇంజనీరు సెత్ లవర్ దీనికి పరిష్కారం కనుగొని 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1957లో ఆ పికప్‌లు లెస్ పాల్ గిటార్లలోకి వచ్చాయి. 1959లో పేటెంటు మంజూరైంది. ఆ ఉపాయం ఇది: ఒకటికి బదులు రెండు తీగచుట్టలు పక్కపక్కన పెట్టి, రెండోదానిని ఎదురు దిశలో కలపాలి. బయటి రొద రెండింటిలోనూ దాదాపు సమానంగా పుట్టి, ఎదురెదురై రద్దవుతుంది. మరి తంత్రి ధ్వని కూడా రద్దు కావాలి కదా? కాదు. రెండో చుట్టలో అయస్కాంత ధ్రువం కూడా తారుమారు చేశారు. రెండుసార్లు తారుమారైన తంత్రి సంకేతం మళ్ళీ ఒకే దిశకు వచ్చి కూడుకుంటుంది. రొదను ఎదుర్కొనేది కనుక దీనికి హంబకర్ అనే పేరు వచ్చింది.

అయితే ధ్వని కూడా మారింది. శ్రేణిలో కలిపిన రెండు చుట్టల స్వయంప్రేరకత్వం ఎక్కువ కావడంతో పై పౌనఃపున్యాలు తగ్గుతాయి. పైగా రెండు చుట్టలు తంత్రిని రెండు చోట్ల ‘వింటాయి’. తక్కువ తరంగదైర్ఘ్యమున్న ఉపస్వరాలు ఆ రెండు చోట్లా వ్యతిరేక దిశల్లో కదిలినప్పుడు ఒకదానినొకటి దెబ్బతీసుకుంటాయి. అందుకే హంబకర్ ధ్వని గుండ్రంగా, బరువుగా ఉంటుంది.

ఇప్పుడు మన సమస్యకు వద్దాం. ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఇందుకు సాధారణంగా పికప్ నుంచి నాలుగు తీగలు బయటికి వచ్చి ఉండాలి.

మొదటిది కాయిల్ స్ప్లిట్. రెండు చుట్టలు కలిసే బిందువును ఒక స్విచ్ ద్వారా గ్రౌండుకు కలుపుతాం. పైకి లాగే నాబ్ ఉన్న పొటెన్షియోమీటర్‌తో ఈ పని సులభం. ఒక చుట్ట పనిచేయదు, రెండోది ఒక్కటే మిగులుతుంది. ధ్వని తేటపడుతుంది, కానీ సంకేతం బలం తగ్గుతుంది. రొదను రద్దు చేసే జంట లేదు కనుక రొద తిరిగి వస్తుంది.

రెండోది సమాంతర సంధానం. రెండు చుట్టలూ పనిచేస్తూనే ఉంటాయి కనుక రొద రద్దవుతూనే ఉంటుంది. ప్రేరకత్వం శ్రేణిలో ఉన్నదానిలో సుమారు నాలుగో వంతుకు తగ్గి, ధ్వని తేలికపడుతుంది. బలం మాత్రం ఇక్కడా తగ్గుతుంది. ఇది అచ్చమైన సింగిల్ కాయిల్ కాకపోయినా, రొద ఎక్కువగా ఉండే వేదికలకు అనువైనది.

ఈ రెంటికీ మధ్యేమార్గం కూడా ఉంది. స్ప్లిట్ చేసేటప్పుడు నేరుగా గ్రౌండుకు కలపకుండా మధ్యలో కొన్ని వేల ఓమ్‌ల నిరోధం పెడితే, రెండో చుట్ట కొంత పనిచేస్తూ బలాన్ని, రొద నుంచి రక్షణను కొంత నిలుపుతుంది.

ఇంత చేసినా అది స్ట్రాటోకాస్టర్ ఎందుకు కాదు? పాతకాలపు హంబకర్‌లో ఒక్కో చుట్టకు సుమారు 5,000 చుట్లు. స్ట్రాటోకాస్టర్ పికప్‌లో సుమారు 8,000. ఒకదానిలో ఉక్కు ముక్కల కింద అయస్కాంతం ఉంటుంది. మరొకదానిలో కడ్డీలే అయస్కాంతాలు. కంపించే తంత్రి పొడవు కూడా గిబ్సన్‌లో సుమారు 628 మిల్లీమీటర్లు, ఫెండర్‌లో 648. వీటిని స్విచ్‌తో మార్చలేం.

చివరగా ఒక హెచ్చరిక. రొద పోవాలని కొందరు ఆంప్లిఫయర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేస్తారు. తీగచుట్ట పట్టుకున్న రొద దానివల్ల పోదు. ప్రాణానికే ముప్పు వస్తుంది. గిటార్ తంత్రులు ఆంప్లిఫయర్ గ్రౌండుకు కలిసి ఉంటాయి. తంత్రులు పట్టుకున్న చేయి ఒకవైపు, మైకును తాకిన పెదవి మరోవైపు ఉంటే, ఆ రెండింటి మధ్య కరెంటు శరీరం గుండా పోవచ్చు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్త్ లేని మైకును తాకి వేదిక మీదే మరణించాడు. స్ప్లిట్ చేశాక రొద వస్తే చోక్‌లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా జరగండి, గిటార్‌ను కొంచెం పక్కకు తిప్పి చూడండి, లేదా సమాంతర సంధానానికి మారండి. ఎర్త్ తీగ జోలికి మాత్రం వెళ్ళకండి.

ఇంటి దగ్గర చేయడానికి ఒక చిన్న లెక్క. ఒక్కో చుట్ట నిరోధం 4 కిలో ఓమ్‌లు అయితే శ్రేణిలో, స్ప్లిట్‌లో, సమాంతరంలో ఎంత ఉంటుంది? 8, 4, 2 వచ్చాయా? వచ్చినట్లయితే, మీరు చేసిన సోల్డరింగ్ సరిగ్గా ఉందో లేదో మల్టీమీటర్‌తో మీరే పరీక్షించుకోగలరు.