మన ముత్తాతల పేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి?

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

హాస్టల్‌లో కొత్తగా చేరే పిల్లల దరఖాస్తు నింపేటప్పుడు మేము దరఖాస్తులో లేని ప్రశ్న ఒకటి అడుగుతుంటాం. "మీ తాత వాళ్ల బాపు పేరేంది?" అని. కొందరు చెప్తారు, చాలామంది ఆగిపోతారు. "మీ అవ్వను కన్న తల్లి పేరేంది?" అంటే దాదాపు ఎవరూ చెప్పరు. అదే పిల్లను "మీరు ఎన్ని దేవతల వాళ్లు?" అని అడగండి. తడుముకోకుండా "ఏడు" అనో "నాలుగు" అనో చెప్తుంది. సగా తెలుసు, పాడి తెలుసు, ఏ పాడి వాళ్లతో పెండ్లి కుదరదో తెలుసు. అంటే ఎప్పటిదో మూలపురుషుల సంగతి నోటికి వస్తుంది, డెబ్బై ఏండ్ల కిందటి మనిషి పేరు రాదు. మధ్యలో ఉన్న ఆ నాలుగైదు తరాలు ఎటు పోయాయి? ఈ రోజు మేము మాట్లాడదలచింది వాళ్ల గురించే.

పోలేదు. ఉన్నారు. కాకపోతే ముక్కలు ముక్కలుగా, వేరువేరు చోట్ల ఉన్నారు. కొన్ని పేర్లు పర్ధాన్ గొంతులో ఉన్నాయి, కొన్ని ఇంటి అటుక మీది పెట్టెలో, కొన్ని తహసీల్ కచేరిలోని ఉర్దూ కాగితంలో.

మొదట పర్ధాన్‌ల సంగతి. మూడు తీగల కిక్రీ పట్టుకుని పర్ధాన్ కూర్చున్నాడంటే అది వినోదం కోసం కాదు. ఏ పాడికి ఆ పాడి పర్ధాన్ వంశపారంపర్యంగా ఉంటాడు. పేర్సాపేన్ పూజలో, చావు తర్వాతి తూంలో ఆయన చెప్పే కథలోనే మన పాడి ఎక్కడ పుట్టింది, ఏ వాగు దాటింది, ఎవరితో వియ్యమందింది అన్నీ వస్తాయి. ఆయన పాడకపోతే చచ్చిపోయిన తాత పేర్సాపేన్‌లో కలవడని మన పెద్దల నమ్మకం. కాబట్టి మన వంశావళికి కావలిదారు మనవాడే కాదు, మన పక్క కులపాయన. ఈ ఏర్పాటు గురించి ఎంత చెప్పినా తక్కువే. అయితే ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. పర్ధాన్‌కు ఇవ్వాల్సిన ధాన్యం, గౌరవం మనవాళ్లు ఇవ్వడం తగ్గించారు. పంక్తిలో దూరంగా కూర్చోబెట్టి, పాట మాత్రం దగ్గరగా కావాలన్నారు. వాళ్ల పిల్లలు చదువుకుని ఉద్యోగాలు చూసుకున్నారు. అందులో తప్పేముంది? ఇప్పుడు "పర్ధాన్ దొరకడం లేదు, తూం ఎట్లా?" అని అడిగేవాళ్లు ఆ లెక్క కూడా చూసుకోవాలి.

పర్ధాన్ కథలో ఒక ఖాళీ ఉంది. అది తండ్రి నుంచి కొడుకుకు నడుస్తుంది. ఆడవాళ్లు ఎక్కడున్నారు? దానికి జవాబు కేస్లాపూర్‌లో ఉందని మాకు అనిపిస్తుంది. ఏటా పుష్య అమావాస్యకు నాగోబా జాతరలో మెస్రం వాళ్లు గోదావరి నుంచి కాలినడకన జలం తెచ్చి పూజ చేస్తారు కదా. అక్కడ మెస్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్లను పెద్దలు దేవుడికి, కుటుంబానికి పరిచయం చేస్తారు. దాన్నే భేటింగ్ అంటాం. ఆ పరిచయం అయితేనే ఆమె మెస్రం మనిషి. అంటే ఏటేటా కోడళ్ల పట్టిక ఒకటి నోటితోనే తయారవుతోంది. 22 కితల వాళ్లు గోవాడ్‌లో ఎవరి పొయ్యి దగ్గర వాళ్లు వండుకుంటారు కాబట్టి ఎవరు ఏ కితో పొయ్యి చూసే చెప్పొచ్చు. మెస్రం పిల్లలెవరైనా ఇక్కడుంటే వచ్చే జాతరకు ఒక నోట్‌బుక్కు పట్టుకుపోండి. కొత్త కోడలు పేరు, పుట్టింటి పాడి, తల్లి పేరు, ఊరు రాయండి. నలభై మంది పేర్లు రాసినా, నలభై ఏండ్ల తర్వాత మీ మనవరాలు మా ప్రశ్నకు జవాబు చెప్తుంది.

ఇక వస్తువులు. పేర్సాపేన్ గుర్తులైన సాలె, చౌరు, గజ్జెల గురించి మీకు చెప్పనక్కర్లేదు. కానీ వాటిని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. కటోడా అనుమతి లేకుండా చూడకూడని వాటిని చరిత్ర పేరుతో బజారులో పెట్టడం మాకు ఇష్టం లేదు. వస్తువు అక్కడే ఉండనివ్వండి. దాన్ని ఎవరి తర్వాత ఎవరు కాపాడారో ఆ కటోడాల పేర్లు అడిగి రాసుకోండి. మీకు కావలసిన వరుస అదే. ఇంట్లో అవ్వ వెండి కడియాలు, తాత రుమాలు పెట్టె, పాత కిక్రీ, ఇత్తడి చెంబు ఉంటాయి. ఎవరు చేయించారు, ఎవరి పెండ్లికి వచ్చింది, ఏ కరువులో కుదువ పెట్టారు అని అడగండి. "మీ తాత వాళ్ల నాయిన పేరేంది?" అంటే గుర్తురాని అవ్వకు చెంబు చేతికిస్తే గుర్తొస్తుంది. మా పిల్లలు సెలవులకు పోయి వచ్చి చెప్పిన సంగతుల్లో ఎక్కువ భాగం ఇట్లా వచ్చినవే.

పాత కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నాయకపోడ్ పిల్లలు మా దగ్గర చదివారు. వాళ్లకు లక్ష్మీదేవర ముఖాలు ఉంటాయి. కొయ్యతో చేసి రంగులు వేసిన ఆ ముఖాలు ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వచ్చాయన్నదే వాళ్ల వంశక్రమం. గోదావరి కిందివైపు కోయలకు డోలీలు కథ చెప్పే గుడ్డ పడిగెలు ఉన్నాయి. గోండులకొక్కరికే కాదు, అందరికీ దారి ఉంది.

కొందరు మోకాషీ ఇండ్లలో పాత సనదులు కూడా ఉంటాయి. చాందా గోండు రాజ్యం 1751లో నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. ఆ తర్వాత రాజులు మారినా, ఊర్ల మీద మోకాషీల పేర్లు చాలాకాలం నిలిచాయి. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతుల సంగతి మీరు వినే ఉంటారు. మన భాషకు సొంత లిపి ఉందని ప్రపంచం ఒప్పుకుంది. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఫోన్‌లో గోండిలో రాయొచ్చు. ఆ కాగితాలు కొన్ని ఇండ్లలో తరాలుగా గుడ్డలో చుట్టి ఉన్నాయి కాబట్టే దొరికాయి. మీ ఇంట్లో చెదలు పట్టిన మూట కనపడితే పొయ్యిలో వేసే ముందు ఎవరికైనా చూపించండి.

ఇప్పుడు సర్కారు కాగితాలు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే పిల్లలు ఇక్కడే విసిగి వదిలేస్తారు.

నిజాం కాలపు రెవెన్యూ కాగితం ఉర్దూలో ఉంటుంది. సేత్వార్, వసూల్ బాకీ, పహాణీ అనే పేర్లు మీ తాతల నోట వినే ఉంటారు. పోలీస్ చర్య తర్వాత తయారైన 1954-55 ఖాస్రా పహాణీ చాలా ఊర్లకు మొదటి గట్టి ఆధారం. మీ ఊరిది తహసీల్ కార్యాలయంలో నకలు అడగొచ్చు. పాత దస్తావేజులు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

కాగితం మీద సంవత్సరం 1350 అని ఉంటే బెదరకండి, దాదాపు ఏడు వందల ఏండ్ల నాటిదని మురిసిపోకండి. అది ఫస్లీ. 590 కలపండి, 1940 వస్తుంది. జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన ఏడు అది.

పేరు చదవడం ఇంకో చిక్కు. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు రాయరు. ఒకే పేరును ఇద్దరు మున్షీలు రెండు తీర్లుగా చదువుతారు. తెలుగులోకి ఎక్కించేటప్పుడు ఇంకో తీరు అవుతుంది. భీం పేరే చూడండి. కుమ్రం, కొమురం, కొమ్రం, కుమురం అని రాస్తున్నాం. జిల్లా పేరులో ఒకటి, విగ్రహం కింద ఇంకొకటి. ఆయన పేరుకే ఇంత ఉంటే మీ తాత పేరుకు ఎంత ఉండాలి? స్పెల్లింగ్ కలవలేదని "ఈయన మావాడు కాదు" అని కాగితం పక్కన పెట్టకండి. అట్లాగని ఇంటిపేరు ఒక్కటి కలిసిందని చుట్టమనీ అనుకోకండి. విదర్భలో మేశ్రాం ఇంటిపేరు గోండులు కానివాళ్లకూ ఉంది. పాడి, కిత, ఊరు, పక్క పొలం వాళ్ల పేర్లు కలిపి చూస్తేనే మనిషి తేలుతాడు.

ఊరు కూడా కదులుతుంది. అడవిని రిజర్వ్ చేసినప్పుడు గూడేలను లేపేశారు, జనం ఇంకోచోట పొయ్యి పెట్టుకున్నారు. మన గూడేల పేర్లు చాలావరకు మొదటి పటేల్ పేరు మీదే ఉంటాయి కాబట్టి మీ గూడెం పేరులోనే ఒక ముత్తాత కూర్చుని ఉండొచ్చు. హద్దులూ కదిలాయి. 1956 దాకా కిన్వట్, రాజురా మన ఆదిలాబాద్ జిల్లాలోవే. రాష్ట్రాల విభజనలో అవి అటు పోయాయి. అందుకే మేనత్తలు మహారాష్ట్రలో, మేనమామలు తెలంగాణలో ఉన్నారు. ఇటు కాగితంలో దొరకని తాత అటు దొరకొచ్చు. 2016లో మన జిల్లా మళ్లీ నాలుగైంది కాబట్టి ఏ కచేరికి పోవాలో ముందే కనుక్కుని బయలుదేరండి, బస్సు చార్జీలు మిగులుతాయి.

ఇంకొకటి. ఆ కాగితం శిస్తు కోసం రాసింది, మన కోసం కాదు. పట్టాదారు గడిలో షావుకారో దేశ్‌ముఖో ఉండి, దున్నిన గోండు పేరు అసలు లేకపోవచ్చు. అనుభవదారు గడి కూడా చూడండి.

ఈ కష్టం మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో తెల్లవాళ్ల కుటుంబాలు తమ వంశాన్ని ఇంటి బైబిల్ మొదటి పేజీల్లో రాసుకున్న పుట్టుకలు, పెండ్లిళ్ల నుంచి, వీలునామాల నుంచి మూడు వందల ఏండ్ల వెనక్కి పోయి వెతుక్కుంటారు. బానిసలుగా ఉన్న నల్లవాళ్ల మనవలు వెతికితే 1870 జనాభా లెక్కల దగ్గర గోడ తగులుతుంది. అంతకు ముందు 1850, 1860 లెక్కల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, ఆడ, మగ, రంగు అని మాత్రమే రాశారు, పేర్లు రాయలేదు. ఆ గోడ దాటడానికి వాళ్లు యజమాని ఇంటి వీలునామాలు, అమ్మకం చీటీలు, ముసలివాళ్ల మాటలు పక్కపక్కన పెట్టి చదువుతున్నారు. మనం చేయాల్సిందీ అదే. కానీ వాళ్లకు లేనిది మనకు ఇంకా ఉంది, కిక్రీ పట్టిన పర్ధాన్.

ఇదంతా ముచ్చట కోసమా అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. పోడు పట్టా కోసం తిరుగుతున్న ఇండ్లు ఇక్కడ ఎన్ని ఉన్నాయో చేతులెత్తమంటే మాకు తెలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన 2008 నిబంధనల్లో 13వ నిబంధన చదవండి. క్లెయిముకు ఆధారంగా ఏమేం ఇవ్వొచ్చో అందులో ఉంది. పెద్దల వాంగ్మూలం రాసి ఇవ్వొచ్చు. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు చూపొచ్చు. పాత భూమి రికార్డులో ఉన్న మనిషికి మీరు ఏమవుతారో చెప్పే వంశవృక్షం కూడా ఆధారమే. ఒకటికి మించిన ఆధారాలు చూడాలి. కొన్నిచోట్ల "శాటిలైట్ ఫొటోలో లేదు" అన్న ఒక్క మాటతో తిప్పి పంపుతుంటారు. అప్పుడు మీ చేతిలో మూడు తరాల పేర్లు, ఖాస్రా పహాణీ నకలు, ఇద్దరు పెద్దల సంతకాలు ఉంటే గ్రామసభలో మీ గొంతు వేరుగా ఉంటుంది. చట్టం చదివిన పిల్ల ఇంట్లో ఒకతి ఉంటే చాలు.

ఫోన్లు పట్టుకున్న తమ్ముళ్లకు ఒక పని. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఉండి మన గూడేల ఫొటోలు వందల్లో తీశారు. మన పిల్లలకు గోండిలో చదువు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ అక్కడే మొదలైంది. లావుణి పట్టాలు మనవాళ్లకు రావడంలో ఆయన సిఫారసు పని చేసింది. ఆ ఫొటోలు లండన్‌లోని సోయాస్ దగ్గర ఉన్నాయి, ఇంటర్నెట్‌లో చూడొచ్చు. ఊరి పేరుతో వెతికి, దొరికిన వాటిని ఎనభై దాటిన పెద్దల ముందు పెట్టండి. ఫొటో తీసినాయనకు తెలియని పేర్లు వాళ్లు చెప్తారు. ఈ పని వాయిదా వేయకండి. కాగితం ఆర్కైవ్స్‌లో ఇంకో యాభై ఏండ్లు ఉంటుంది. అవ్వ ఉండదు.

వచ్చే దీపావళికి దండారీ గుంపు మీ గూడేనికి వస్తుంది, లేదా మీరే పోతారు. వియ్యపు ఊర్ల మధ్యే ఎక్కువ రాకపోకలు కాబట్టి అవ్వల పుట్టింటి వాళ్లు అక్కడే దొరుకుతారు. గుస్సాడీ ఆట అయ్యాక, అన్నాలు తిన్నాక, ఒక అరగంట కూర్చోండి. పెద్దలను తొందరపెట్టకండి. వాళ్లు గోండిలో చెప్తే గోండిలోనే రికార్డు చేయండి, తెలుగులోకి తర్వాత మార్చుకోవచ్చు. చెప్పినవాళ్ల పేరు, తేదీ రాయండి. ఇద్దరు రెండు తీర్లుగా చెప్తే రెండూ రాయండి, మీరు తీర్పు చెప్పకండి. తాత పేరు రాసిన ప్రతి వరుసలో పక్కనే అవ్వకు ఒక గీత గీయండి. పేరు దొరకకపోతే గీత ఖాళీగా ఉండనివ్వండి, కొట్టేయకండి. సెలవుల తర్వాత ఆ నోట్‌బుక్కులు మా దగ్గరకు తెండి, ఉర్దూ చదవగలిగిన పెద్దలతో కలిసి కూర్చుందాం.

రాం రాం.