పాత పేర్లు, కొత్త చిరునామాలు



2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జీడిమెట్ల ఉన్నచోటనే ఉండి జిల్లా మారినది. అంతవరకు రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఆ ప్రాంతము నాటినుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరినది. అచ్చటి పారిశ్రామికవాడలోని కర్మాగారములవారు బోర్డులపైనను, బిల్లు పుస్తకములపైనను జిల్లా పేరు మార్చుకొనవలసి వచ్చినది. కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి అవసరము కలుగుచుండును. అప్పుడు పాత పేర్లను యంత్రముచేతనే దిద్దించవచ్చునా, ఎంతవరకు దానిని నమ్మవచ్చును అనునదే నేటి ప్రసంగ విషయము.

కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా తెలుపు వ్రాతయే ప్రోగ్రాము. దానిని వ్రాయువారు ప్రతి చిన్న పనిని మొదటినుండి తామే వ్రాసికొనరు. ఇంటర్నెట్టునుండి సమాచారము తెచ్చుట, తేదీలు లెక్కించుట వంటి పనులకు ముందే సిద్ధముగా ఉన్న భాగములను పేరుపెట్టి పిలిపించుకొందురు. అట్టి భాగమునకు మాడ్యూల్ అని పేరు. పిలిపించు పంక్తికి ఇంపోర్ట్ అని పేరు. ఇంపోర్ట్ పంక్తి ఉత్తరముపై చిరునామా వంటిది.

హైటెక్ సిటీ కార్యాలయములలోను, అమీర్‌పేట శిక్షణ కేంద్రములలోను విరివిగా వినిపించు పైథాన్ అను ప్రోగ్రాము భాషకు 2008 డిసెంబరు 3వ తేదీన మూడవ రూపము వెలువడినది. అందులో పెక్కు మాడ్యూళ్ళ చిరునామాలు మారినవి. కన్ఫిగ్‌పార్సర్ అను పేరును ఇంగ్లీషులో వ్రాయునప్పుడు పెద్ద అక్షరములుగా ఉన్నవి చిన్నవైనవి. యుఆర్‌ఎల్‌లిబ్ అను మాడ్యూలు రిక్వెస్ట్, పార్స్, ఎర్రర్ అని మూడు భాగములైనది. ఉమ్మడి రంగారెడ్డి జిల్లా కూడ రంగారెడ్డి, వికారాబాదు, మేడ్చల్-మల్కాజిగిరి అని మూడైనది కదా! భాష నిర్వాహకులు పాత రెండవ రూపమునకు మరమ్మతులు చేయుట 2015లో మానుదమని మొదట తలచిరి. పిదప గడువును పొడిగించిరి. 2020 జనవరి 1తో ఆ గడువును తీరినది.

జిల్లా పేరు పాతదే వ్రాసినను, 500055 అను పిన్ కోడు చూచి పోస్ట్‌మాన్ ఉత్తరమును జీడిమెట్లకే చేర్చును. కంప్యూటరుకు అంత లౌక్యము లేదు. ఒక్క అక్షరము తేడా వచ్చినను ఆ పేరుగల మాడ్యూలు లేదని చెప్పి ఆగిపోవును. వేలకొలది ఫైళ్ళలో ఇట్టి పంక్తులను చేతితో దిద్దుట విసుగు పుట్టించు పని.

పాత పేరు కనబడినచోటనెల్ల కొత్త పేరు పెట్టించిన చాలదా అని తోచవచ్చును. జీడిమెట్ల కర్మాగారమొకటి తన కాగితములన్నింటిలో 'రంగారెడ్డి' తీసి 'మేడ్చల్-మల్కాజిగిరి' అని వ్రాయించినదనుకొందము. ఇబ్రహీంపట్నము ఖాతాదారుని చిరునామా చెడును. ఆ ఊరు ఇప్పటికిని రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది. తాండూరు వికారాబాదు జిల్లాకు పోయినది కనుక అదియును తప్పగును. 2010లో వ్రాసికొన్న దస్తావేజును దిద్దినచో అది దొంగ దస్తావేజగును. ఇక రంగారెడ్డి అను పేరుగల పనివాడు జీతము పుచ్చుకొనుటకు వచ్చి, పట్టీలో తన పేరు వెదకికొనవలసినదే!

ఈ చిక్కు తెలిసినవారు పైథాన్‌తో పాటు 'టూ టు త్రీ' అను పరికరమును ఇచ్చిరి. రెండునుండి మూడునకు అని దాని అర్థము. అది ప్రోగ్రామును అక్షరముల గుంపుగా చూడదు. వ్యాకరణము తెలిసినవారు వాక్యమును కర్త, కర్మ, క్రియలుగా విడదీసినట్లు విడదీసి, వృక్షమువలె అమర్చుకొనును. ఇంపోర్ట్ పంక్తిలోని పేరు వేరు, వ్యాఖ్యలోని మాట వేరు అని గుర్తించును. యుఆర్‌ఎల్‌లిబ్ కనబడినచో మూడు కొత్త భాగములను పిలిపించి, దిగువ వాడిన ప్రతి పనిని తగిన భాగముక్రింద చేర్చును. మార్పులను ముందు చూపును; ప్రత్యేకముగా ఆజ్ఞాపించిననే ఫైలులో వ్రాయును. అందులోనివన్నియు రమ్మని నక్షత్రపు గుర్తుతో వ్రాసిన పంక్తి వచ్చినచో, దీనిని నేను దిద్దలేనని హెచ్చరించును.

ఇంతవరకు బాగుగనే ఉన్నది. అయితే పేరు తప్పినచో ప్రోగ్రాము ఆగును, తప్పు బయటపడును. అర్థము మారినచో ప్రోగ్రాము ఆగదు. పైథాన్ రెండవ రూపములో 7ను 2చేత భాగించిన 3 వచ్చెడిది. మూడవ రూపములో మూడున్నర వచ్చును. వ్రాత మాత్రము రెండింటను ఒక్కటే. అచ్చట వచ్చునవి పూర్ణాంకములో, దశాంశములో వ్రాతను చూచి చెప్పలేదు కనుక ఆ పరికరము భాగహారపు గుర్తును ముట్టదు. జీడిమెట్ల మందుల కర్మాగారములకు పేరుపొందిన చోటు. ఏ మందులోనైన పాళ్ళను లెక్కించు ప్రోగ్రాములో ఇట్టి తేడా దాగినచో, ఇంపోర్టులన్నియు చక్కగా మారినవి, ప్రోగ్రాము ఆగక నడచుచున్నది అని సంతోషించుటకు వీలులేదు.

కాబట్టి మార్పునకు పూర్వమే పాత ప్రోగ్రామునకు కొన్ని లెక్కలిచ్చి, జవాబులను భద్రపరచవలయును. అవే లెక్కలను కొత్తదానికిచ్చి రెండు జవాబులను పోల్చవలయును. పాత ఖాతా మూసి కొత్త ఖాతా తెరచు గుమాస్తా నిలువలు సరిచూచుట వంటిదే ఇది. తేడా వచ్చినచోట మనిషి కూర్చుండి చదువవలసినదే.

ఈ పని వాయిదా వేసినవారికి మరియొక మాట. 2024 అక్టోబరులో వెలువడిన పైథాన్ 3.13నుండి 'టూ టు త్రీ' పరికరమును తొలగించిరి. మార్పులు మాత్రము ఆగలేదు. డిస్ట్‌యుటిల్స్ అను పాత మాడ్యూలును 2023లో వచ్చిన 3.12లోనే తీసివేసిరి. పాత ప్రోగ్రాములు ఇంకను నడుపుచున్నవారు, వాటిని వ్రాసినవారు అందుబాటులో ఉండగనే ఈ పని చేయించుకొనుట మేలు. పేర్లు దిద్దుటకు వేరొక యంత్రము దొరకవచ్చును. ఏ లెక్క ఎందుకు వేసిరో చెప్పగల మనిషి మరల దొరకుట కష్టము.