సర్వరు పలకపై జంపర్లు, స్విచ్చులు



మన గుంటూరు, ప్రకాశము సీమల మిరపకాయలు కోల్డుస్టోరేజీలకు, ప్రత్తి మిల్లులకు చేరుచున్నవి. ఏ రైతు టిక్కీలెన్ని, తూకమెంత యను లెక్క పూర్వము చిట్టా ఆవర్జాలలో నుండెడిది. నేడు పలుచోట్ల సర్వరను కంప్యూటరులో నున్నది. ఆ యంత్రమునందలి యొక చిన్న భాగమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. పెద్దలు మరమ్మతు చేయనక్కరలేదు గాని, చేయువానిని ప్రశ్నింప నెఱిగియుండుట మేలు.

సర్వరు మూత తీసిన నడుగున విశాలమైన పలక కనబడును. దీనినే మదరుబోర్డందురు. దానిపై నక్కడక్కడ సన్నని పిన్నులు మూడేసి నిలిచియుండును. వానిలో రెంటిని కలుపు చిన్న ప్లాస్టికు తొడుగే జంపరు. తొడుగు స్థానము మారిన విద్యుత్తు దారి మారును. సాగరు కుడికాలువ క్రింది రైతు పారతో మడవ మార్చినట్లే. వరుసగా నమర్చిన బుల్లి స్విచ్చులును ఇట్టివే. 1981లో వెలువడిన ఐ.బి.యం. పి.సి.లో మెమరీ యెంతయో ఇట్టి స్విచ్చులతోనే తెలుపవలసియుండెను. నేడు పెక్కు పనులు తెరమీదనే జరుగును. మిగిలిన జంపర్లలో ముఖ్యములు రెండు: మఱచిన పాస్‌వర్డును తొలగించునది, పలక యమరికలను తుడిచివేయునది.

ఈ రెండవదానిని కదల్చిన రైతుల లెక్కలన్నియు పోవునని కొందఱి భయము. అది నిజము కాదు. లెక్కలు డిస్కులలో నుండును. తుడువబడునవి పలక తన పనికై గుర్తుంచుకొనిన యమరికలే. ప్రమాదము వేఱొకచోట నున్నది. అమరికలు పోగా గడియారము తప్పి, రశీదులపై తప్పు తేదీ పడవచ్చును. డిస్కులను చదువు పద్ధతి మారి, యంత్రము తెరవకపోవచ్చును. అప్పుడు తొందరపడి డిస్కులను ఫార్మాటు చేయువాడే నిజముగా లెక్కలను చెఱుపువాడు. పాత యమరికను మరల నిలిపినచో సాధారణముగా లెక్కలు యథాప్రకారము కనబడును.

కావున ముందుగా లెక్కల నకలు వేఱొక డిస్కుపై తీయవలెను. జంపరు ఏ పిన్నులపై నున్నదో, అమరికలెట్లున్నవో కాగితముపై వ్రాయవలెను. యంత్రము నాపిన మాత్రము చాలదు; ఆపినను కొంత విద్యుత్తు పలకకు చేరుచునే యుండును. సర్వర్లకు తఱచు రెండు కరెంటు తీగలుండును, రెంటిని ఊడదీయవలెను. ఏ జంపరు దేనికో ఊహింపరాదు. ఆ పలకకు చెందిన పుస్తకమునే చూడవలెను. పని ముగియగానే జంపరును పూర్వస్థానమున నుంచవలెను. గడియారము పలుమారు తప్పుచున్న యెడల, జంపరు జోలికి పోక, పలకపై నున్న నాణెమువంటి 3 వోల్టుల బ్యాటరీని ముందు పరీక్షింపవలెను.

మఱియొక మాట. పాస్‌వర్డును తొలగించు జంపరు చేతికందినవాడు ఆ పలకకు యజమానియే. సర్వరు గదికి బీరువాకు వలెనే తాళముండవలెను.

మీ సంఘమున నెవరైన సర్వరు మూత తీయునప్పుడు మూడు ప్రశ్నలడుగుడు: నకలు తీసితివా? ఉన్న స్థితి వ్రాసితివా? తీగలు ఊడదీసితివా? మూడింటికిని ఔనన్న పిదపనే చేయి పెట్టనిండు.