దూరము నుండి ద్వారపాలన

రాజాంలో 1997లో స్థాపితమైన జి.ఎం.ఆర్. ఇంజనీరింగు కళాశాల వంటి పెద్ద విద్యాసంస్థను తలచుకొందాము. అటువంటి చోట కార్యాలయపు లెక్కలు, పరీక్షల సమాచారం, విద్యార్థుల పాఠాలు ఒకే కంప్యూటరు వలలో ప్రయాణం చేయవచ్చును. ఒకరిది మరొకరి కంట పడకుండా ఉండవలెనంటే, స్విచ్ అనే యంత్రపు ద్వారాలను, అనగా పోర్టులను, వేరువేరు జట్లుగా విభజించవలె. ఒక్కొక్క జట్టునూ వీలాన్ అంటారు. జట్టుకు 1 నుండి 4094 వరకు ఒక సంఖ్య ఇస్తారు.

ద్వారాలు వందలకొలది ఉన్నప్పుడు ఒక్కొక్క స్విచ్ దగ్గరకు వెళ్ళడం ప్రయాస. కూర్చున్న చోటినుండే స్విచ్‌ను ప్రశ్నించి, ఆజ్ఞాపించడానికి 1988లో వెలువడిన పద్ధతి ఎస్.ఎన్.ఎం.పి.

ఇందులో ఒక మెలకువ ఉన్నది. ప్రామాణిక పద్ధతిలో ప్రతి వీలాన్‌కూ ఒక పట్టీ, అందులో ద్వారానికొక గడి ఉంటుంది. సభ్యత్వం ఉన్న గడిలో 1, లేనిదానిలో 0. ఐదవ ద్వారాన్ని చేర్చడానికి ఆ ఒక్క గడి పంపితే చాలదు. పట్టీ మొత్తం తిరిగి వ్రాయవలె. పాత పట్టీని చదవకుండా ఐదవ గడిలో 1, తక్కిన గడులలో 0 వ్రాసినవాడు ఒకరిని చేర్చుకొని, ఉన్నవారినందరినీ వెళ్ళగొట్టినవాడవుతాడు.

ఈ పట్టీ బయటకు పోయే సమాచారానికి సంబంధించినది. ముద్ర లేకుండా లోపలికి వచ్చేది ఏ జట్టుదో నిర్ణయించే సంఖ్య వేరు. దానిని పీవీఐడీ అంటారు. ఒకటి మార్చి రెండవది మరచినచో, ప్రశ్న వెళ్ళినా జవాబు రాదు.

1757 జనవరిలో బొబ్బిలి కోట పడినప్పుడు, రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయునికి వార్త సకాలంలో అందలేదని మన ప్రాంతంలో చెప్పుకొంటారు. వార్త నడిచే దారి మూసుకుపోతే ఎంతటి అధికారమైనా నిష్ప్రయోజనమే. తన ఆజ్ఞలు నడిచే ద్వారాన్నే పొరపాటున వేరొక జట్టుకు మార్చిన నిర్వాహకుని గతి అంతే. ఇక దూరం నుండి దిద్దుకొనే వీలుండదు. స్విచ్ వద్దకు స్వయంగా వెళ్ళవలసినదే.

కాపలా సంగతి కూడా ఉన్నది. పాత రూపాలలో రహస్యపదం అందరికీ కనిపించేటట్లే ప్రయాణిస్తుంది. 2002లో ప్రమాణంగా స్థిరపడిన మూడవ రూపంలో ఆజ్ఞ ఇచ్చినవారెవరో తేల్చుకొని, సందేశాన్ని గూఢలిపిలో పంపే ఏర్పాటున్నది. వ్రాసే అధికారం ఇవ్వవలసివస్తే దీనిలోనే ఇవ్వడం క్షేమం.

కనుక ముందు చదువవలె, పిమ్మట వ్రాయవలె, మరల చదివి సరిచూచుకొనవలె. చివరకు మార్పును స్విచ్‌లో భద్రపరచవలె. లేకున్న, అనేక స్విచ్‌లలో కరెంటు పోయి వచ్చేసరికి మన శ్రమ అంతా తుడిచిపెట్టుకొనిపోతుంది.